తెలుగు, కన్నడ సమాజాల పరస్పర దురభిప్రాయాలు: కుందలహళ్ళి, తూర్పు బెంగళూరు

బెంగళూరు నగరపు తూర్పు అంచున, మారతహళ్ళికీ వైట్‌ఫీల్డుకూ నడుమ ఉన్న కుందలహళ్ళి ఒకప్పుడు చెరువును ఆనుకొని సేద్యం చేసుకున్న చిన్న గ్రామం. ఇప్పుడది మహదేవపుర శాసనసభ నియోజకవర్గంలో సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు, పేయింగ్ గెస్ట్ హాస్టళ్ళు, ఆంధ్ర మెస్సులు, భవన నిర్మాణ కూలీల రేకుల షెడ్లు ఒకదానినొకటి ఒరుసుకొని నిలిచిన నగరభాగం. కన్నడం రాజభాషగా ఉన్న ఈ చోట తెలుగు అడుగడుగునా వినిపిస్తుంది. 2011 జనగణన ప్రకారం కర్ణాటకలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 36 లక్షలు, అంటే రాష్ట్ర జనాభాలో ఆరు శాతానికి కొంచెం తక్కువ. బెంగళూరులో ఆ వాటా దాదాపు 14 శాతానికి చేరగా, కన్నడం మాతృభాషగా గలవారు రాష్ట్ర రాజధానిలోనే సగానికి లోపు ఉన్నారు. తమ రాజధానిలో తామే సగం కాలేకపోయిన ఒక సమాజం, ఆ నగరాన్ని బతుకుతెరువుగా ఎంచుకొని వచ్చిన మరొక సమాజం పక్కపక్కనే నివసిస్తున్నప్పుడు ఒకరిపై ఒకరు ఏర్పరచుకొన్న ప్రతికూల అభిప్రాయాలు, వాటి మూలాలు, అవి బలపడే తీరు ఈ వ్యాసానికి విషయం. ఈ దురభిప్రాయాలను భాషాభేదపు ఫలితంగా చూడడం వాడుక. నిజానికి అవి పరాయితనం నుంచి కంటే దగ్గరితనం నుంచీ, ఇరుపక్షాలు ఎదురుపడే సందర్భాల అసమానత నుంచీ ఎక్కువగా పుట్టాయి.

పల్లి, హళ్ళి

ఆ దగ్గరితనానికి సాక్ష్యం ఊరి పేరులోనే ఉంది. కన్నడంలో ‘హళ్ళి’ అంటే తెలుగు ‘పల్లి’, ‘పల్లె’. పాత కన్నడంలో పదాది ‘ప’కారం సుమారు పదో శతాబ్దం మొదలుకొని క్రమంగా ‘హ’కారమైంది కాబట్టి తెలుగు పాలు కన్నడంలో హాలు, పులి హులి, పువ్వు హూవు, పల్లి హళ్ళి అయ్యాయి. రెండు భాషలూ చాలా కాలం ఒకే లిపిని పంచుకొన్నాయి, ఆ దశను లిపి చరిత్రకారులు తెలుగు–కన్నడ లిపి అనే ఉమ్మడి పేరుతోనే పిలుస్తారు. ఈనాటి తేడాలు చాలావరకు అచ్చుయంత్రం వచ్చిన పందొమ్మిదో శతాబ్దంలో స్థిరపడినవే.

సాహిత్యంలోనూ సరిహద్దు ఇంతే పలుచన. కన్నడ ఆదికవి పంపడు ఆశ్రయం పొందింది నేటి తెలంగాణలోని వేములవాడను ఏలిన చాళుక్య అరికేసరి దగ్గర. పంపని తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ ప్రాంతపు కుర్క్యాలలో చెక్కించిన పదో శతాబ్దపు శాసనంలో సంస్కృత, కన్నడాల పక్కన తెలుగు కందపద్యాలు ఉన్నాయి. పాల్కురికి సోమనాథుడు తెలుగులో రచించిన బసవపురాణాన్ని భీమకవి 1369లో కన్నడం చేశాడు. బెంగళూరు నగరాన్ని 1537లో నెలకొల్పిన కెంపేగౌడ పేరున చెప్పే ‘గంగాగౌరీ విలాసం’ అనే యక్షగానం తెలుగులో ఉంది.

ఇంత ఉమ్మడి వారసత్వం ఉన్నచోట స్నేహమే పెరగాలని తోచడం సహజం. అయితే ఉమ్మడి ఆస్తికి పంపకాల తగవు తప్పనట్లే, ఉమ్మడి గతానికీ హక్కుల తగవు వచ్చింది. కృష్ణదేవరాయలు తెలుగువాడా, కన్నడిగుడా, తుళువ వంశజుడు కాబట్టి తుళువా అన్న ప్రశ్న పదహారో శతాబ్దంలో ఎవరినీ బాధించినట్లు కనబడదు. రాయలు ‘ఆముక్తమాల్యద’ను తెలుగులో రాస్తూనే కన్నడ రాజ్యానికి ప్రభువుగా పేరుకెక్కాడు. భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడిన ఇరవయ్యో శతాబ్దంలో మాత్రం అదే ప్రశ్న పరువు ప్రశ్న అయింది. కన్నడానికి హల్మిడి శాసనం సుమారు సా.శ. 450 నాటిదనీ, తెలుగుకు రేనాటి చోళుల శాసనాలు సుమారు 575 నాటివనీ లెక్కలు చూపుకొని ప్రాచీనతలో ఎవరు ముందన్న వాదులాట సాగింది. 2008 చివర కేంద్ర ప్రభుత్వం రెండు భాషలకూ ఒకేసారి ప్రాచీన భాష హోదా ఇవ్వడంతో ఆ పోటీకి అధికారికంగా సమాన ఫలితం వచ్చినా, వాదులాట ఆగలేదు.

చిన్న భేదాల పెద్ద ప్రభావం

దూరపువారికంటే దగ్గరివారిపైనే కోపం ఎక్కువ ఎందుకు అన్న ప్రశ్నను సిగ్మండ్ ఫ్రాయిడ్ ‘చిన్న భేదాల ఆత్మమోహం’ అనే భావనతో వివరించాడు. దాదాపు అన్ని విధాలా ఒకేలా ఉన్న రెండు సమూహాలు తమ ప్రత్యేకతను నిలుపుకోవడానికి మిగిలిన కొద్దిపాటి తేడాలనే పెంచి చూపుకొంటాయని దాని సారాంశం. 1930లో వెలువడిన నాగరికతపై గ్రంథంలో ఫ్రాయిడ్ పొరుగు జాతుల ఉదాహరణలతోనే ఈ విషయాన్ని విస్తరించాడు.

ఇందుకు బాగా తెలిసిన ఒక ఉదాహరణ అమెరికన్లకూ యూరోపియన్లకూ నడుమ ఉన్న చిన్నచూపు. అమెరికా సమాజం ప్రధానంగా యూరప్ నుంచి వెళ్ళినవారితోనే రూపుకట్టినా, పద్దెనిమిదో శతాబ్దంలోనే కార్నేలియస్ డి పౌ వంటి యూరోపియన్ రచయితలు అమెరికా నేలపై ప్రాణులన్నీ క్షీణిస్తాయని వాదించారు. థామస్ జెఫర్సన్ దానికి పుస్తకంలో అంకెలతో జవాబు చెప్పి, ఊరుకోక ఫ్రెంచి ప్రకృతిశాస్త్రవేత్త బుఫాన్‌ను ఒప్పించేందుకు అమెరికా నుంచి మూస్ అనే పెద్ద దుప్పి కళేబరాన్ని తెప్పించాడు. 1832లో ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ ట్రాలప్ అమెరికన్ల మర్యాదలను ఎత్తిపొడుస్తూ రాసిన పుస్తకం రెండు తీరాలలోనూ అలజడి రేపింది. 2003లో ఇరాక్ యుద్ధానికి కొద్ది ముందు అమెరికా రక్షణ మంత్రి డోనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ ఫ్రాన్సు, జర్మనీలను ‘పాత యూరప్’ అని తీసిపారేశాడు. ఆ నిందల్లో అమెరికన్లు డబ్బు చూపుకొనేవారు, గొంతు పెద్దది చేసేవారు, లోతు లేనివారు. యూరోపియన్లు గతం చెప్పుకొని బతికేవారు, మందకొడివారు, పొగరుబోతులు.

ఈ నిందల పట్టికలో పేర్లు మార్చి చదివితే తూర్పు బెంగళూరులో వినిపించే మాటలకు చాలా దగ్గరగా ఉంటుంది. వలస వెళ్ళి సంపాదించినవారిని నిలిచి ఉన్నవారు ఒకలా, నిలిచి ఉన్నవారిని వలసవారు ఇంకోలా చూసే చూపు ఏ ఖండానికీ ప్రత్యేకం కాదని దీన్ని బట్టి తెలుస్తుంది.

‘ఆంధ్రావాళ్ళు’ ఎవరు?

ఒక సమూహమంతటికీ ఒకే ముద్ర వేసే అభిప్రాయాన్ని సమాజశాస్త్రంలో మూసచిత్రం అంటారు. అచ్చుపనివారు ఒకే దిమ్మెతో పదేపదే ముద్రించే పద్ధతి పేరునే పత్రికా రచయిత వాల్టర్ లిప్‌మన్ 1922లో మనుషుల ఆలోచనకు వర్తింపజేశాడు. కన్నడ సంభాషణలో ‘ఆంధ్రదవరు’, అంటే ఆంధ్రావాళ్ళు, అనే ఒక్క మాట కనీసం మూడు వేర్వేరు జనసమూహాలను కప్పేస్తుంది.

మొదటివారు ఇక్కడివారే. బెంగళూరు తూర్పు, ఆగ్నేయ శివారు గ్రామాల్లో ఇంట తెలుగు, బయట కన్నడం మాట్లాడే రెడ్డి కుటుంబాలు తరతరాలుగా భూములు చేసుకొంటున్నాయి. పక్కనున్న కోలారు జిల్లాలో తెలుగు మాతృభాషగా గలవారు కన్నడం మాతృభాషగా గలవారికంటే ఎక్కువ. స్వాతంత్ర్యానంతరం మైసూరు రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయిన కె.సి. రెడ్డి ఆ కోలారు ప్రాంతపు క్యాసంబళ్ళివాడు. కర్ణాటక తన ఆధునికతకు ప్రతీకగా కొలిచే మోక్షగుండం విశ్వేశ్వరయ్య ముద్దేనహళ్ళిలో తెలుగు మాట్లాడే కుటుంబంలో జన్మించాడు. ఇంటిపేరైన మోక్షగుండం ప్రకాశం ప్రాంతపు గ్రామం. ఈ పాత తెలుగువారిని కన్నడ సమాజం ఎన్నడూ పరాయివారనలేదు, వారూ తమను అలా అనుకోలేదు. బడిలో కన్నడం చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, దానిని ఏ లిపిలోనూ రాయని కుటుంబాలు వీరిలో చాలా ఉన్నాయి.

రెండోవారు ఎండిన నేలల నుంచి వచ్చిన శ్రామికులు. అనంతపురం, కర్నూలు జిల్లాల నుంచీ, పెద్ద ఆనకట్టల కాలం నుంచే ‘పాలమూరు లేబరు’గా పేరుపడిన మహబూబ్‌నగర్ ప్రాంతం నుంచీ వచ్చినవారు నగరపు పునాదులు తవ్వారు. వీరిపై అయిష్టం కంటే అసలు వీరి ఉనికే ఎవరికీ పట్టకపోవడం ఎక్కువ. దురభిప్రాయాల చర్చలో వీరి ప్రస్తావనే రాదు.

మూడోవారు 1990ల నుంచి ఇంజనీరింగ్ పట్టాతో వచ్చిన యువతరం. ఐటీపీఎల్‌గా పిలిచే అంతర్జాతీయ టెక్ పార్కు వైట్‌ఫీల్డు దగ్గర వెలిశాక కుందలహళ్ళి, దాని పక్కనున్న ఏఈసీఎస్ లేఅవుట్, మారతహళ్ళి వీరి మకాములయ్యాయి. హైదరాబాదు అమీర్‌పేటలో కోర్సు, బెంగళూరులో మొదటి ఉద్యోగం, తరువాత అమెరికా ప్రాజెక్టు అన్నది ఒక తరానికి పరిచితమైన మార్గం. ‘ఆంధ్రదవరు’ అన్నప్పుడు కన్నడిగుల మనసులో మెదిలేది ఈ మూడోవారే. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక కూడా ఆ మాట మారకపోవడం తెలంగాణ నుంచి వచ్చినవారికి రెట్టింపు చికాకు కలిగించింది.

పాత తెలుగువారికీ కొత్త తెలుగువారికీ నడుమ కూడా చిన్నచూపు లేకపోలేదు. కోస్తా నుంచి వచ్చినవారు కన్నడ మాటలు కలిసిన బెంగళూరు తెలుగును విని నవ్వుతారు. అది రాయలసీమ యాసకు దగ్గరగా ఉండడం ఆ నవ్వుకు మరింత ఊతం. అప్పుడు స్థానిక తెలుగు కుటుంబపు ఇంటి యజమాని తన భాష మాట్లాడే కిరాయిదారుకంటే కన్నడ పొరుగువారినే తనవారుగా భావించడం ఆశ్చర్యం కాదు.

ఒకే గుణం, రెండు పేర్లు

తెలుగువారి గురించి కన్నడిగులు చెప్పే ఫిర్యాదులలో తరచుగా వినబడేవి ఇవి: డబ్బు ఆర్భాటంగా ఖర్చుచేస్తారు, అద్దెలూ స్థలాల ధరలూ పెంచేశారు, కులాన్ని సరిహద్దు దాటించి తెచ్చారు, సినిమా హీరోల పేరిట నగరాన్ని బ్యానర్లతో నింపుతారు, ఆఫీసులో తమవారినే తెచ్చుకొంటారు, అన్నిటినీ మించి పదేళ్ళున్నా కన్నడం నేర్వరు. తెలుగువారి వైపు నుంచి కన్నడిగులపై వచ్చేవి: చురుకు తక్కువ, సాహసించి వ్యాపారం చేయరు, వచ్చినవారు ఎదిగితే ఓర్వరు, భాష పేరు చెప్పి గదమాయిస్తారు, సాంబారులో కూడా బెల్లం వేస్తారు. కాలేజీలలో, కార్యాలయాలలో తెలుగువారికి ‘గుల్టి’ అనే ఎగతాళి పేరుంది. తెలుగు అనే మాటను ఇంగ్లీషు అక్షరాలలో తిరగేస్తే వచ్చిందన్నది దాని పుట్టుక గురించి ప్రచారంలో ఉన్న వివరణ.

ఈ ఫిర్యాదులను జాగ్రత్తగా చూస్తే చాలావరకు ఒకే గుణానికి రెండు పేర్లు. తెలుగువారు చొరవ అనుకొనేది కన్నడిగులకు దూకుడు. కన్నడిగులు నిదానం అనుకొనేది తెలుగువారికి మందకొడితనం. పెళ్ళికి ఊరంతటినీ పిలవడం ఒకరికి ఉదారత, మరొకరికి ప్రదర్శన. ‘స్వల్ప అడ్జస్ట్ మాడి’, అంటే కాస్త సర్దుకోండి, అనే బెంగళూరు మాట ఆ నగరపు సౌమ్యతకు గుర్తుగా దేశమంతా తెలిసినది. సర్దుకొంటూ వచ్చినవారికి ఎంతవరకు సర్దుకోవాలన్న ప్రశ్న ఒకనాడు రావడం న్యాయమే.

భాషల పోలిక కూడా పొరపాట్లకు దారి తీస్తుంది. కన్నడంలో ఏకవచనం ‘నీను’, గౌరవ వాచకం ‘నీవు’. తెలుగులో ‘నీవు’ చనువుదో, చులకనదో అయిన ఏకవచనం, గౌరవానికి ‘మీరు’ కావాలి. కన్నడ ఇంటి యజమాని కొత్తగా వచ్చిన తెలుగు ఉద్యోగిని మర్యాదగా ‘నీవు’ అన్నప్పుడు వినేవాడి చెవికి అది అమర్యాదగా తాకుతుంది. అలాగే ‘తిండి ఆయ్తా?’ అన్నది కన్నడంలో ఉదయపు ఫలహారం అయిందా అనే ఆత్మీయమైన పలకరింపు. తెలుగులో ‘తిండి’ మొరటుగా వినిపించే మాట కాబట్టి అదే పలకరింపు వెటకారంగా తోచవచ్చు. పూర్తిగా తెలియని భాషలో మనిషి అర్థం అడుగుతాడు. సగం తెలిసిన భాషలో అర్థమైందనుకొని నొచ్చుకొంటాడు.

ఎదురుపడే చోట్లు

దురభిప్రాయం ఎక్కడ ఎదురుపడతారన్న దాన్ని బట్టి కూడా ఏర్పడుతుంది. కుందలహళ్ళిలో తెలుగు ఉద్యోగికి ఎదురయ్యే కన్నడిగుడు చాలాసార్లు ఇంటి యజమాని, ఆటో డ్రైవరు, నీళ్ళ ట్యాంకరు తెచ్చేవాడు, లేదా వేరే రాష్ట్రపు నెంబరు ప్లేటు చూసి బండి ఆపి జీవితకాల పన్ను గురించి అడిగే రవాణా శాఖ ఉద్యోగి. కన్నడిగునికి ఎదురయ్యే తెలుగువాడు కిరాయిదారు, ప్రయాణికుడు, లేదా ఆఫీసులో పక్క సీటులో కూర్చొని ఫోనులో గట్టిగా తెలుగు మాట్లాడే సహోద్యోగి. ఇవన్నీ డబ్బు చేతులు మారే, తొందర ఉన్న, ఒకరికి పైచేయి ఉన్న సందర్భాలు. గోర్డన్ ఆల్పోర్ట్ 1954లో ప్రతిపాదించిన సంపర్క సిద్ధాంతం ప్రకారం రెండు సమూహాలు కలిసినంత మాత్రాన దురభిప్రాయం తగ్గదు. సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, పైనున్న అధికారుల మద్దతు ఉన్నప్పుడే తగ్గుతుంది. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో ఎంత కోత అన్న బేరంలో ఆ నాలుగింటిలో ఒక్కటీ ఉండదు.

దీనికి నగరపు వసతుల కొరత తోడైంది. 2007లో చుట్టుపక్కల పురపాలికలనూ 110 గ్రామాలనూ కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలిక ఏర్పడింది. కాలనీలు పెరిగినంత వేగంగా కావేరి నీటి గొట్టాలు రాలేదు. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి మహదేవపుర పరిసరాలు ట్యాంకర్ల మీద ఆధారపడ్డాయి, ఆ 110 గ్రామాలకు ఉద్దేశించిన కావేరి అయిదో దశ పథకం ఆ ఏడాది అక్టోబరులో ప్రారంభమైంది. వైట్‌ఫీల్డు నుంచి కృష్ణరాజపుర వరకు కుందలహళ్ళి స్టేషనుతో సహా మెట్రో 2023 మార్చి 25న మొదలైంది కానీ, అప్పటికే ఆ దారి రద్దీ దేశమంతా పేరుపడింది. ప్రణాళిక వైఫల్యానికి పేరూ ముఖమూ ఉండవు, వలసవచ్చిన పక్కింటివాడికి రెండూ ఉంటాయి. అందుకే కొరతపై కోపం మనుషుల వైపు మళ్ళడం తేలిక.

భాషా రాజకీయం, ఉద్యోగాలు

మైసూరు సంస్థానంలో బయటివారిపై అసంతృప్తి కొత్త కాదు. దివాన్ల కాలంలోనే మద్రాసు నుంచి వచ్చిన ఉద్యోగులను ఉద్దేశించి ‘మైసూరు మైసూరువారికే’ అనే నినాదం లేచింది. సరిహద్దుల విభజన దానికి తెలుగు కోణాన్ని జోడించింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారి పట్టణంతో సహా మిగిలిన భాగం మైసూరుకు చెందాయి. బళ్ళారి పోయిందన్న బాధ తెలుగు నాయకులకు, ఆదోని పోయిందన్న బాధ కన్నడ నాయకులకు చాలా కాలం మిగిలింది. మూడేళ్ళ తరువాత 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్, విశాల మైసూరు రాష్ట్రాలు ఒకే రోజున అవతరించాయి. కృష్ణా జలాలపై 1970లలో బచావత్ ట్రిబ్యునల్ ఆంధ్రప్రదేశ్‌కు 800, కర్ణాటకకు 700 టీఎంసీలు కేటాయించినా, ఆల్మట్టి ఆనకట్ట ఎత్తుపై వివాదం ప్రతి దశాబ్దంలోనూ తిరిగి లేస్తూనే ఉంది.

బెంగళూరులో కన్నడ ఉద్యమానికి కొత్త ఊపు తెచ్చినది గోకాక్ ఉద్యమం. బడిలో కన్నడానికి ప్రథమ భాష స్థానం ఇవ్వాలన్న వి.కె. గోకాక్ సమితి సిఫార్సును అమలు చేయాలని 1982లో నటుడు రాజ్‌కుమార్ ముందు నడవగా లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. ఆ తరువాత సరోజినీ మహిషి సమితి స్థానికులకు ఉద్యోగాలపై 58 సిఫార్సులు చేసింది. 1999లో ఏర్పడిన కర్ణాటక రక్షణ వేదికె వంటి సంస్థలు ఈ కోరికలను వీధి స్థాయికి తెచ్చాయి. దుకాణాల పేరుపలకలపై అరవై శాతం కన్నడం ఉండాలంటూ 2023 డిసెంబరు 27న జరిగిన ఆందోళన తరువాత ఆ నిబంధన చట్టమైంది. ఈ ఉద్యమాల అసలు ఆవేదనను తెలుగువారు చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. తన రాజధానిలో తన భాషలో పని దొరకదేమోనన్న భయం ఊహాజనితం కాదు, దాన్ని కేవలం గదమాయింపుగా చూడడం అన్యాయం.

అదే సమయంలో, ఈ ఉద్యమాల ప్రధాన లక్ష్యం తెలుగువారు కారన్నదీ గుర్తించాలి. 1991 డిసెంబరులో కావేరి తీర్పుపై జరిగిన హింస తమిళులపై సాగింది. 2017లో మెట్రో పలకలపై వచ్చిన వివాదం హిందీ గురించి. తెలుగువారిపై ఆ స్థాయి హింస బెంగళూరులో జరగలేదు. వారిపై ఉన్నది ద్వేషం కంటే రోజువారీ చిరాకు. చిరాకుకు విచారణ సంఘాలు ఉండవు, రాజీ ఒప్పందాలు ఉండవు, కాబట్టి అది తగ్గే దారీ కనబడదు.

2024 జూలైలో ప్రైవేటు సంస్థల్లో మేనేజిమెంటు ఉద్యోగాలలో సగం, మిగిలిన వాటిలో డెబ్బై శాతం స్థానికులకు కేటాయించే బిల్లుకు కర్ణాటక మంత్రివర్గం ఆమోదం తెలిపింది. పరిశ్రమల నిరసనతో రెండు రోజులలోనే దాన్ని పక్కన పెట్టింది. ఆ వెంటనే ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ ఐటీ సంస్థలను విశాఖపట్నానికి రమ్మని బహిరంగంగా పిలిచారు. ఆ ఆహ్వానం ఒక రాష్ట్రానికి పెట్టుబడి వేట, పక్క రాష్ట్రానికి ఇల్లు తగలబడుతుంటే చుట్టకు నిప్పు అడగడం. 2025లో విశాఖకు గూగుల్ డేటా కేంద్రం ఖాయమైనప్పుడు రెండు రాష్ట్రాల మంత్రుల మధ్య మాటల యుద్ధం మళ్ళీ సాగింది. ఆ మాటల బరువు మోయాల్సినవారు మాత్రం బెంగళూరు కార్యాలయాలలో ఒకే బృందంలో పనిచేస్తున్న తెలుగు, కన్నడ ఉద్యోగులు.

సినిమా తెర

కన్నడ చిత్రపరిశ్రమ పక్క భాషల పెద్ద చిత్రాల నీడలో చాలా కాలం నలిగింది. థియేటర్లు దక్కవన్న భయంతో ఇతర భాషల నుంచి కన్నడంలోకి డబ్బింగును దశాబ్దాల పాటు అనధికారికంగా అడ్డుకొన్నారు. పరభాషా చిత్రాలను ఏడు వారాలు ఆలస్యంగా విడుదల చేయాలనే డిమాండు 2000లలో వచ్చింది. డబ్బింగు అడ్డంకి చెల్లదని పోటీ కమిషన్ 2015లో తీర్పు చెప్పింది. ‘బాహుబలి’ రెండో భాగం 2017 ఏప్రిల్‌లో విడుదలయ్యే ముందు, కావేరిపై ఎన్నో ఏళ్ళ కిందట తమిళ నటుడు సత్యరాజ్ అన్న మాటలకు కర్ణాటకలో నిరసన లేచి, ఆ నటుడు విచారం తెలిపాకే చిత్రం సాఫీగా వచ్చింది. తెలుగు ప్రేక్షకులలో కన్నడ సినిమా అంటే రీమేక్ అనే తేలిక భావం ఉండేది. ‘కె.జి.ఎఫ్.’ తెలుగు రాష్ట్రాలలో పొందిన ఆదరణ దాన్ని కొంత చెరిపింది.

తెర వెనుక చరిత్ర ఈ పోటీని ఒప్పుకోదు. గోకాక్ ఉద్యమానికి ముఖమైన రాజ్‌కుమార్ తొలి కథానాయక పాత్ర 1954 నాటి కన్నడ చిత్రం ‘బేడర కణ్ణప్ప’లోనిది. కన్నడేతర భాషలో ఆయన నటించిన ఒకే ఒక్క చిత్రం అదే కథతో అదే ఏడాది వచ్చిన తెలుగు ‘కాళహస్తి మహాత్మ్యం’. రాజ్‌కుమార్‌కు ఏళ్ళ తరబడి గొంతునిచ్చిన పి.బి. శ్రీనివాస్ కాకినాడలో పుట్టాడు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యాన్ని కర్ణాటక తన సొంత గాయకునిగానే ప్రేమించింది.

తెలుగువారికి తెలిసిన అనుభవం

స్థానికుడు, వలసవాడు అన్న తగవు తెలుగువారికి బెంగళూరులో మొదటిసారి ఎదురైనది కాదు. హైదరాబాదులో స్థానికులను ‘ముల్కీ’ అనేవారు. ముల్కీ ఉద్యోగాలు బయటివారు తీసుకొంటున్నారని 1952లో ఆందోళన జరిగింది. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో దానికి ప్రతిగా జై ఆంధ్ర ఉద్యమం, చివరకు 2014 జూన్ 2న రాష్ట్ర విభజన వచ్చాయి. మైరన్ వీనర్ 1978లో భారతదేశపు ‘భూమిపుత్రుల’ ఉద్యమాలపై వెలువరించిన అధ్యయనంలో హైదరాబాదు ఒక ముఖ్య ఉదాహరణ. డబ్బుతో వచ్చారు, భూములు కొన్నారు, తమవారికే ఉద్యోగాలిచ్చారు, యాసను వెక్కిరించారు అని తెలంగాణవారు కోస్తావారిపై చేసిన ఫిర్యాదులలో దాదాపు ప్రతిదీ నేడు కన్నడిగుల నోట తెలుగువారందరిపై వినబడుతుంది. తెలంగాణ నుంచి వచ్చి కుందలహళ్ళి హాస్టల్లో ఉంటున్న యువకుడు తన ఇంట్లో పెద్దలు అన్న మాటలనే తన మీద వింటాడు.

తీర్థాలలోనూ ఇలాంటి చిక్కుముడి ఉంది. ఉగాదికి ఉత్తర కర్ణాటక నుంచి వేలాది భక్తులు శ్రీశైల భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి కాలినడకన వస్తారు. 2022 ఉగాదికి ముందు అక్కడ ఒక చిన్న తగాదా పెద్దదై దుకాణాలు ధ్వంసమయ్యాయి. ఆ తరువాత ఏడాది కూడా భక్తులు నడిచే వచ్చారు.

నేర్చుకొనే భాష

కన్నడం రాదు అని చెప్పే ‘కన్నడ గొత్తిల్ల’ అన్న రెండు మాటలే వలసవారిపై ఫిర్యాదుకు చిహ్నంగా మారాయి. తెలుగువారి విషయంలో ఈ ఫిర్యాదుకు బలం ఎక్కువ, ఎందుకంటే కన్నడం వారికి నేర్వదగ్గ భాషలలో అతి సులభమైనది. మైసూరు మహారాజా కళాశాలలో దాదాపు నాలుగు దశాబ్దాలు తెలుగు బోధించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ కన్నడంలోనూ రచనలు చేసి రెండు సమాజాలలోనూ గౌరవం పొందాడు. అయితే మొదటి ఉద్యోగంలో రెండేళ్ళుండి వెళ్ళిపోదామనుకొనే ఇంజనీరుకు కన్నడం నేర్వాల్సిన అవసరం తోచదు. ఇంటి యజమాని తెలుగు అర్థం చేసుకొంటాడు, భోజనశాలలో తెలుగు నడుస్తుంది, ఆఫీసులో ఇంగ్లీషు సరిపోతుంది. బెంగళూరువాసుల బహుభాషా ఉదారతే కొత్తవారి నేర్వనితనానికి వెసులుబాటైంది, ఆ నేర్వనితనమే తరువాత ఫిర్యాదైంది.

స్థిరపడినవారి పిల్లల తీరు వేరు. 2015లో చేసిన కన్నడ భాషాభ్యసన చట్టం వల్ల కర్ణాటకలోని పాఠశాలలన్నిటిలో కన్నడం ప్రథమ లేదా ద్వితీయ భాషగా నేర్వవలసి ఉంది. కుందలహళ్ళి అపార్టుమెంట్లలో పెరిగే తెలుగు పిల్లలు చాలామంది తెలుగు చదవడం రాకముందే కన్నడ అక్షరాలు నేర్చుకొంటారు. సెలవులకు అనంతపురమో గుంటూరో వెళ్ళినప్పుడు బస్సు మీది ఊరి పేరును ఆ కన్నడ అక్షరాల పోలికతోనే కూడబలుక్కొని చదువుతారు.